తెర ఆర్పి చేయాల్సిన పరీక్ష

నాకు కుదురు లేదు. మా అమ్మ ఈ మాట నా చిన్నప్పుడే అనేసింది, పెళ్ళయిన నెల తిరక్కుండానే మా ఆయనా అదే తేల్చాడు. అన్నం తింటూ మధ్యలో లేచి కిటికీ రెక్క సరిచేస్తాను. సినిమా సగంలో వంటింట్లోకి వెళ్ళి డబ్బాలు సర్దుతాను. విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. నల్లబల్లకీ ఆఖరి బెంచీకీ మధ్య నేను తిరిగే తిరుగుడు చూసి పిల్లలకి మెడలు నొప్పెడతాయట.

ఇలాంటి మనిషికి అతికినట్టు సరిపోయే పని ఒకటి దొరికింది నాకు. లినక్స్ అని ఒక ఆపరేటింగ్ సిస్టం ఉంది. కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద కనిపించే బొమ్మలూ మెనూలూ అన్నీ నడిపించేది అదే. కొనక్కర్లేదు, ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు. నేను వాడే రకానికి ఆరేసి నెలలకొక కొత్త వెర్షన్ వస్తుంది. అది బయటికి రాకముందు కొన్ని నెలలపాటు పచ్చిపచ్చిగా ఉన్నదాన్నే రోజుకొక ఫైలుగా ఇంటర్నెట్‌లో పెడతారు. నాలాంటివాళ్ళు దాన్ని దింపుకుని, ఏదో ఒక పాత మిషను మీద ఎక్కించి, ఎక్కడెక్కడ చెడుతోందో చూసి, చెడిన చోటు రాసి పంపాలి. దీనికి పైసా రాదు. తిన్నగా ఉన్నదాన్ని పాడుచేసి, మళ్ళీ బాగుచేసి, మళ్ళీ పాడుచేసే ఉద్యోగమని మా ఆయన దీనికి పేరు పెట్టాడు.

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి డౌన్‌లోడ్ నొక్కుతాను. పాలు పొంగేసరికి సగం వస్తుంది, కాఫీ అయ్యేసరికి మొత్తం వస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, మూత విరిగిన నా సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌కి గుచ్చి, కూర తరుగుతూ ఒక కన్ను దాని మీద వేసి ఉంచుతాను. ఒకరోజు శబ్దం రాదు. ఇంకోరోజు మూత వేస్తే మిషను నిద్రపోతుంది గానీ తీస్తే లేవదు. అలాంటివి దొరికినప్పుడు నాకు కలిగే ఆనందం చెప్పుకోడానికి కొంచెం సిగ్గుగానే ఉంటుంది. అన్నీ సవ్యంగా నడిచిన రోజు మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది.

వెర్షన్ బయటికొచ్చే ముందు ఆఖరి వారం అసలైన సందడి. ఆ వారం కోసం ఒక జాబితా పెడతారు. డిస్కంతా చెరిపి ఎక్కించి చూడండి, నెట్ లేకుండా ఎక్కించి చూడండి, ఉన్న సిస్టం పక్కన ఎక్కించి చూడండి, ఇలా ఒక్కొక్క పరీక్షకీ ఒక గడి. చేసినవాళ్ళు పాస్ అనో ఫెయిల్ అనో నొక్కి తమ పేరు వేస్తారు. పాస్ పడగానే గడి పచ్చగా మారుతుంది. ఒకసారి పచ్చబడిన గడి జోలికి ఇంకెవరూ రారు, ఖాళీ గడుల వైపే పరిగెడతారు. అవతలి మనిషి ఎవరో, ఏ దేశమో, నిజంగా చేశాడో లేదో ఎవరూ అడగరు. ఆ పని అంతా అలా మాట మీదే నడుస్తుంది.

ఇప్పుడు మా బావ గురించి చెప్పాలి. మా అక్కని మేం అప్ప అంటాం. అప్ప మొగుడు మా బావ. గరివిడిలో ఉంటారు. ముప్ఫయ్యేళ్ళు ఫ్యాక్టరీలో క్రేను నడిపాడు. ఇంట్లో అందరికన్నా గట్టి గొంతు ఆయనది, అందరికన్నా పెద్ద చెయ్యీ ఆయనదే. పేపరు మొదటి అక్షరం నుంచి ప్రింటర్ పేరు దాకా చదివేవాడు. చదివి ఊరుకుంటే బావ ఎందుకవుతాడు? వీధి లైటు వెలగడం లేదని ఒక అర్జీ, కుళాయిలో బురద వస్తోందని ఒక అర్జీ, ఎవరో ముసలమ్మకి పింఛను ఆగిందని ఇంకో అర్జీ రాసేవాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా ఒక తెల్లకాగితం పట్టుకుని ఆయన అరుగు మీదికి వచ్చేవాళ్ళు.

షుగరు ఆయన కళ్ళకి పాకింది. మొదట పేపర్లో చిన్నక్షరాలు పోయాయి, తర్వాత పెద్దక్షరాలు, ఆ తర్వాత మా మొహాలు. విశాఖపట్నం తీసుకెళ్ళి చూపించాం. ఇంతే, ఇంక రావు అన్నారు. ఆయన సరే అని లేచి, బయటికొచ్చి, నాకు ఆకలేస్తంది పదండి అన్నాడు. మేమే ఏడ్చాం.

ఫోను మాట్లాడుతుంది కదా అని ఒకటి కొనిచ్చాను. వారం రోజులకి దాన్ని బల్ల మీద పడేశాడు. "అద్దం మీద ఏటి పట్టుకోవాలే? వేలికేటీ తగల్దు," అన్నాడు. క్రేను లివర్లు పట్టి పట్టి కాయలు కాసిన వేళ్ళవి. అప్పుడు నాకు తట్టింది, ఆయనకి కావలసింది మీటలని. ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చి, పెద్ద కీబోర్డు పెట్టి, నా లినక్సే ఎక్కించాను. అందులో స్క్రీన్ రీడర్ అని ఒకటుంటుంది. తెర మీద ఏముందో, వేలి కింద ఏ అక్షరం పడిందో పైకి చదివి చెప్తుంది. తెలుగులో చదివే ఆ గొంతు జలుబు చేసినట్టు ముక్కుతో పలుకుతుంది. బావ మొదటి రోజే దానికి ముక్కోడు అని పేరు పెట్టేశాడు.

ఆ వేసవి ఆదివారాలన్నీ పాసింజర్ ఎక్కి గరివిడి వెళ్ళాను. నెల్లిమర్ల దాటితే గరివిడే, అయినా ఆ కాస్త దూరం కూడా కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడేదాన్ని. నేర్పడంలో నాకు ఓపిక తక్కువ. రెండుసార్లు చెప్పి, మూడోసారికి ఆయన చెయ్యి తోసేసి నేనే నొక్కేసేదాన్ని. "నీ సెయ్యి తియ్యే. నాను ఎతుక్కుంతాను కదేటి," అని కసిరేవాడు. వెతుక్కునేవాడు. ఏ మీట ఎక్కడుందో ఒకసారి వేలికి తెలిసిందంటే ఇక మర్చిపోయేవాడు కాదు. మూడు నెలలకి పేపరు మళ్ళీ ఆయన ఇంటికొచ్చింది, ఈసారి ముక్కోడి గొంతులో. ఆరో నెలకి అర్జీలు మొదలయ్యాయి. టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, గోడ పట్టుకుని వీధి చివర జెరాక్స్ షాపుదాకా తనే వెళ్ళి ప్రింటు తీయించుకునేవాడు. తోడు వస్తానంటే అప్పని కూడా రానిచ్చేవాడు కాదు.

అరుగు మీదికి జనం మళ్ళీ వచ్చారు. నాకు అన్నిటికన్నా గుర్తున్నది సముద్రం వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే ఒకామె. గంప కింద పెట్టి, బావ పక్కన కూర్చుని, తన అర్జీ ఆయన టైపు చేస్తుంటే ముక్కోడు ఒక్కొక్క అక్షరం పలకడం వింటూ నోరు తెరుచుకుని ఉండిపోయింది. "బాబూ, నీకు కళ్ళు నేవంటే నాను నమ్మను," అంది. ఆ రోజు బావ మొహం చూడాలి. కొత్త పెళ్ళికొడుక్కి కూడా అంత వెలుగుండదు.

ఇక నేను చేసిన పని చెప్తాను.

మరుసటి వేసవి మొదట్లో, కొత్త వెర్షన్ విడుదలకి వారం ఉందనగా, ఎప్పట్లాగే జాబితా వచ్చింది. అందరికన్నా ఎక్కువ గడులు నా పేరు మీద పచ్చబడాలని నాకొక పిచ్చి. ఎవరూ బహుమతి ఇవ్వరు, ఎవరూ లెక్కపెట్టరు కూడా, అయినా అదొక పిచ్చి. కాలేజీకి వెళ్ళే ముందు రెండు, వచ్చాక రెండు చేస్తున్నాను. నాలుగోరోజుకి జాబితాలో ఒకే ఒక్క గడి ఖాళీగా మిగిలింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అందులో ఇలా రాసి ఉంది: స్క్రీన్ రీడర్ పెట్టుకుని, తెర ఆర్పేసి, మౌస్ ముట్టుకోకుండా, మొదటి నుంచి చివరిదాకా ఇన్‌స్టాల్ చేయండి.

నాకన్నా దానికి తగినవాళ్ళు ఇంకెవరున్నారు అనుకున్నాను. బావ ఇంట్లో ఆ గొంతుతో ఆర్నెల్లు కాపురం చేసినదాన్ని. మిషను ఆన్ చేసి ముక్కోణ్ణి లేపాను. తెర మాత్రం ఆర్పలేదు. ఆర్పుదామనే అనుకున్నాను, వెలుతురు తగ్గించే మీట మీద వేలు కూడా పెట్టాను. కాలేజీకి ఇంకా ముప్పావుగంట ఉంది, తెర చీకటి చేసుకుని గొంతు చెప్పేదాకా ఆగుతూ పోతే అది చాలదు. చూస్తూనే చేద్దాం, గొంతు వస్తోందా లేదా వింటే సరిపోతుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. భాష పేజీ చదివింది. కీబోర్డు పేజీ చదివింది. వైఫై పేజీ చదివింది. నాలుగో పేజీ, డిస్కు చెరపాలా వద్దా అని అడిగే పేజీ, వచ్చేసరికి గొంతు ఆగింది. ఆగిందని నాకు తెలుసు. చెవి పట్టింది. పాత మిషను కదా, ఆలస్యం అవుతోంది అనుకున్నాను. ఎదురుగా బటన్ కనిపిస్తూనే ఉంది. చెయ్యి మౌస్ మీదికి పోయింది, నొక్కేశాను. తర్వాతి పేజీలో గొంతు మళ్ళీ వచ్చింది. చివరిదాకా వెళ్ళాను, పాస్ నొక్కాను, పేరు వేశాను. జాబితా మొత్తం పచ్చగా అయింది. చెప్పులు వేసుకుంటూ కూడా ఒకసారి వెనక్కొచ్చి దాన్ని చూసుకున్నాను.

కొత్త వెర్షన్ బయటికొచ్చింది. ఆ ఆదివారం గరివిడి వెళ్ళి, పెన్‌డ్రైవ్ బావ చేతిలో పెట్టాను.

"ఇది కొత్తది బావా. గొంతు మెరుగైంది, వేగం పెరిగింది. నేను ఎక్కించేస్తాను, లే."

"ఉండు. నాను సేసుకోలేనేటి?"

నేను కాసేపు ఆలోచించినట్టు నటించాను. నిజానికి చెప్పుకోవాలని నోరు దురదగానే ఉంది. "ఎందుకు చేసుకోలేవు? తెర ఆర్పేసి ఎక్కించొచ్చు. ఆ పరీక్ష చేసింది ఎవరనుకున్నావు? నేనే. ప్రపంచంలో ఎవరూ ముట్టుకోకపోతే నేను చేసి పాస్ పెట్టాను," అన్నాను.

"అదీ నా మరదలంటే," అన్నాడు. "అయితే నువ్వు రాకు. నానే సేసి, నీకు ఫోను సేస్తాను."

ఆయన అర్జీలన్నీ ముందే ఇంకో పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాడు. మిషను మొదట పెన్‌డ్రైవ్‌నే చదివేలా నేను అమర్చి పెట్టాను. ఫ్యాక్టరీ ఇంగ్లీషు వచ్చు కనుక మొదటి పేజీలో గొంతు ఇంగ్లీషులో పలికినా ఆయనకి ఇబ్బంది లేదు. పేజీల వరస వేళ్ళ మీద లెక్కపెట్టుకుని నాకు ఒప్పజెప్పాడు కూడా. నేను సంతోషంగా రైలెక్కాను.

సోమవారం ఫోను రాలేదు. మంగళవారం రాలేదు. నేనే చేస్తే అప్ప తీసి, బావ పనిలో ఉన్నాడంది. గురువారం పొద్దున్న అప్పే చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"మీ బావ ఏటో అయిపోనాడే. మూడు దినాలు ఆ మిషను కాడే కూకున్నాడు. నిన్నట్నుంచి దాని మొకం సూడ్డం మానేసినాడు. సేపలామె అర్జీకొస్తే, కళ్ళున్నోళ్ళ కాడికెళ్ళి రాయించుకో అన్నాడు. ఆ మనిషి ఎలా మాట్లాడతాడో నీకు తెల్దేటి? ఎప్పుడైనా అలాగన్నాడేటి?"

కాలేజీకి సెలవు చెప్పి బయల్దేరాను. గరివిడి చేరేసరికి ఎండ మండిపోతోంది. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చోడి అంబలి గ్లాసు పక్కనే పెట్టుకుని, తాక్కుండా. నా అడుగుల చప్పుడుకి మొహం తిప్పాడు.

"ఒచ్చేవా. నా వల్ల కాదే. బుర్ర పని సెయ్యట్లేదు."

"ఏమైందో చూపించు బావా."

చూపించడానికి ఇష్టపడలేదు. బతిమాలితే లేచి వచ్చి కూర్చున్నాడు. పెన్‌డ్రైవ్ తనే తడిమి గుచ్చాడు. మిషను ఆన్ చేశాడు, ముక్కోణ్ణి లేపే మీటలు నొక్కాడు. వేళ్ళు ఎక్కడా తడబడలేదు. భాష. బొటనవేలు మడిచాడు. కీబోర్డు. చూపుడువేలు మడిచాడు. వైఫై. మధ్యవేలు. ఆ తర్వాత గొంతు ఆగింది.

నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను. తెర మీద ఆ నాలుగో పేజీ, అదే బటన్. ఆయన మీట నొక్కాడు, ఏమీ లేదు. ఇంకోటి నొక్కాడు, ఏమీ లేదు. "ఇక్కడే. ఇక్కడే నాను ఏదో తప్పు సేస్తన్నాను. పనిలో ఉన్నాదేమోనని మొదట గంట కూకున్నాను. కట్టేసి మళ్ళీ మొదట్నుంచి సేసేను. మళ్ళీ ఇక్కడికే ఒస్తాది," అన్నాడు. పక్కకి తిరిగి, నా మొహం ఎక్కడుంటుందో అంచనా వేసుకుని అటు చూశాడు. "నువ్వు తెర ఆర్పి సేసినావు కదేటి. నీకొచ్చింది. నాకు రాట్లేదు."

అప్పుడే చెప్పాల్సింది. ఎదురుగా ఉన్న బటన్‌ని చూపి, ఇది పలకడం లేదు బావా, నువ్వు కాదు, ఇది చెడింది, నేను చూస్తూ చేసి పాస్ పెట్టాను అనాల్సింది. ఆ మాటలు నోట్లో కూడుకునేలోపే నా చెయ్యి ఎప్పట్లాగే ముందుకి పోయింది. మౌస్ పట్టుకుని ఒక్క నొక్కు నొక్కాను. గొంతు మళ్ళీ మొదలైంది.

"ఏటి సేసినావే?"

"ఏటీ లేదు బావా. ఒక మీట అటూ ఇటూ అయినట్టుంది."

బావ తలూపాడు. "అదే. నాదేనని నాకు తెలుసు," అన్నాడు. మిగతాది తనే పూర్తి చేశాడు. అర్జీల ఫైళ్ళన్నీ మళ్ళీ లోపలికి ఎక్కించుకున్నాడు. కానీ మాట్లాడలేదు. వచ్చిన పనైపోయినట్టు నేను అంబలి తాగి సాయంత్రం పాసింజర్ ఎక్కేశాను.

ఆ తర్వాత వారం నేను ఎలా గడిపానో చెప్పడం కష్టం. కుదురు లేకపోవడం నాకు కొత్త కాదు, కానీ అంతకుముందు అది నాకు ఇష్టంగా ఉండేది. ఈ వారం అది నన్ను పీక్కుతింది. క్లాసులో ఒకే లెక్క రెండు సెక్షన్లకి తప్పు చెప్పి, మూడో సెక్షన్‌లో ఒక పిల్ల లేచి సరిచేస్తే దానిమీద విసుక్కున్నాను. ఇంట్లో ఉప్పు వేశానో లేదో తెలీక రెండోసారి వేశాను. జాబితా తెరిచి చూసేదాన్ని. విడుదలయ్యాక దాన్ని మూసేస్తారు, ఎవరూ మార్చలేరు. నా పేరు, దాని పక్కన ఆ పచ్చ గడి, అలాగే ఉన్నాయి. మూసెయ్యడం, మళ్ళీ తెరవడం. మా ఆయన, "ఏమైనా పోయిందా?" అని అడిగితే, "ఏం పోలేదు, నీ పని చూసుకో," అని అరిచాను. పాపం ఆయన నిజంగానే తన పని చూసుకున్నాడు.

తప్పులు రాసే చోటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అక్కడ రాయడానికి కూర్చున్నాను. ఒక వినియోగదారుడికి నాలుగో పేజీలో గొంతు వినిపించలేదట అని మొదలుపెట్టాను. ఆ చివరి ‘ట’ చూసి నాకే అసహ్యం వేసింది, చెరిపేశాను. కొన్ని మిషన్ల మీద, అప్పుడప్పుడు, అని ఇంకో రకంగా రాశాను. అది అబద్ధం, చెరిపేశాను. పొద్దున్న పాలు పెట్టి డౌన్‌లోడ్ నొక్కడం మాత్రం మానలేదు, తర్వాతి వెర్షన్ పచ్చి ఫైళ్ళు అప్పటికే రావడం మొదలయ్యాయి. దింపేదాన్ని, ఎక్కించబుద్ధి కాక వదిలేసేదాన్ని. లోకంలో ఎక్కడో ఇంకెవరో నాలుగో పేజీ దగ్గర కూర్చుని తన బుర్ర పోయిందనుకుంటున్నారేమో అన్న ఆలోచన ఒకటి వచ్చింది. వచ్చాక ఇక పోలేదు.

ఆ వారం గడిచాక వచ్చిన ఆదివారం వెళ్ళాను. అప్ప అన్నం వారుస్తోంది. బావ మిషను ముందు లేడు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అది కొత్త. మంచం పక్కన స్టూలు లాక్కుని, కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. తెర ఆర్పలేదని చెప్పాను. గొంతు ఆగడం విన్నానని చెప్పాను. మౌస్‌తో నొక్కానని, పాస్ పెట్టానని, కిందటిసారి వచ్చినప్పుడు కూడా అబద్ధమాడానని, ఆ తప్పు రాసి పంపబోయి రెండుసార్లు చెరిపేశానని చెప్పాను. తప్పు నీది కాదు బావా, నీ వేళ్ళు ఎక్కడా తప్పలేదు, నేను చూశాను అని చెప్పాను.

ఆయన లేచి కూర్చున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎన్ని సార్లు సేసినానో తెలుసేటి నీకు?"

"తెలీదు బావా."

"నాకూ తెల్దు. లెక్కెట్టడం మానేసినాను." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు బాగుండేది. "కళ్ళు పోనప్పుడు నాను ఏడవలేదే. షుగరు, ఇంక రావు అన్నారు, సరే అన్నాను. ఈ మూడు దినాలు మాత్రం బయమేసింది. కళ్ళు పోనాయి, ఇప్పుడు బుర్ర కూడా పోతన్నాదనుకున్నాను. మీ అప్పకి సెప్పలేదు. రేపు ముద్ద నోటికెట్టుకోడం కూడా మర్సిపోతానేమో, మీ అప్ప పేరు మర్సిపోతానేమో అని ఆ కుర్సీలో కూకుని ఒణికిపోనాను."

నేను ఏడుస్తున్నానని ఆయనకి తెలిసే ఉంటుంది. ఓదార్చలేదు.

"మిషను సెడిపోతే మిషను సెడిపోనాదని సెప్పు. నాను సెడిపోనానని నన్ను అనుకోనిచ్చి రైలెక్కి ఎల్లిపోతావేటే?"

అరచేత్తో మొహం తుడుచుకున్నాను.

కాసేపటికి ఆయన మంచం దిగి, గోడ తడుముకుంటూ మిషను దగ్గరికి వెళ్ళాడు. కుర్చీలో కూర్చోలేదు. దాన్ని వెనక్కి లాగి నావైపు తిప్పాడు. "ఆ పుల్ల గుచ్చు," అన్నాడు. పెన్‌డ్రైవ్‌ని పుల్ల అంటాడు. గుచ్చాను. "తెర ఆర్పు." వెలుతురు పూర్తిగా తగ్గించాను. "కళ్ళు మూసుకో."

"మూసుకున్నాను బావా."

"మూసేవో నేదో నాకెలా తెలుస్తాది?"

ఏం అంటే నమ్ముతాడు? కళ్ళు గట్టిగా మూసుకుని ముక్కోణ్ణి లేపాను. మీటలు తడిమి తడిమి పట్టుకోవాల్సి వచ్చింది. ఆయనకి పట్టినదానికన్నా నాకు రెండింతలు టైము పట్టింది. భాష పేజీ చదివింది. కీబోర్డు పేజీ చదివింది. వైఫై పేజీలో ఒకసారి దారి తప్పి వెనక్కొచ్చాను. ఆ తర్వాత గొంతు ఆగింది.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. దూరంగా గూడ్సు బండి వెళ్తున్న చప్పుడు, అది ఎంతకీ అయిపోలేదు. ఒక మీట నొక్కాను. ఏమీ లేదు. ఇంకోటి నొక్కాను. ఏమీ లేదు. నా కుడిచెయ్యి మౌస్ కోసం బల్ల మీద దానంతటదే పాకుతోంది, ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాను. రెప్పలు అదిరిపోతున్నాయి. ఒక్కసారి, ఒక్క క్షణం తెరిస్తే ఎక్కడున్నానో తెలుస్తుంది అనిపిస్తోంది. ఎక్కడున్నానో నాకు తెలుసు కూడా, ఆ పేజీలో ఏముందో నాకు కంఠతా వచ్చు, అయినా ఆ చీకట్లో ఏదో తప్పు నేనే చేసినట్టు అనిపించడం మొదలైంది.

"కాలు ఆడించకు," అన్నాడు బావ. "ఇంకా నిమిషం కూడా అవలేదు."

కాలు ఆపాను. గూడ్సు బండి వెళ్ళిపోయింది. అప్ప గుమ్మంలోకి వచ్చి నిలబడినట్టు గాజుల చప్పుడయింది. నిమిషమో, ఐదు నిమిషాలో, పదో. నాకు ఏడుపొచ్చేంత సేపు అలా ఉంచాడు నన్ను.

"ఏటి ఇనిపిస్తన్నాది?"

"ఏటీ ఇనిపించట్లేదు బావా."

"అదే రాయి," అన్నాడు.